మీటరు ఎవరికి కనబడుతోంది?
కలిసి ఉండే ఆడవాళ్లు, కరెంటు పొదుపు, ఒక ఆట

(చెన్నేకొత్తపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు పొదుపు గురించి నన్ను మాట్లాడమన్నప్పుడు, స్త్రీల హక్కుల సమావేశంలో ఇదేం విషయమని కొందరు అడిగారు. పొదుపు చెయ్యమని లోకం ముందుగా చెప్పేది ఆడవాళ్లకే. నూనె పొదుపు, నీళ్ల పొదుపు, గ్యాసు పొదుపు అయ్యాయి, ఇప్పుడు కరెంటు వచ్చింది. పొదుపు చేసే పని మనది. మిగిలినదాని మీద నిర్ణయం ఎవరిది? నా ప్రశ్న ఇదే.

ఇప్పుడు ఆడపిల్లలు చదువుకో, ఉద్యోగానికో ఊరు దాటుతున్నారు. హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకుంటున్నారు. చదువుకునేవాళ్లు ప్రభుత్వ హాస్టళ్లలో, ప్రైవేటు హాస్టళ్లలో ఉంటున్నారు. ఇలాంటి చోట్ల పొదుపు పేరుతో జరిగేదేమిటో మనకు తెలియంది కాదు. రాత్రి పదికి మెయిన్ ఆపేస్తారు. పరీక్షలున్న పిల్ల మెట్ల దగ్గర దీపం కింద కూర్చుంటుంది. బాత్రూముల వైపు చీకటి. ఫోను ఛార్జింగ్ పెడితే ఒక మాట, ఇస్త్రీ చేసుకుంటే జరిమానా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐదుగురితో కలిసి అద్దెకున్న ఇంట్లో, కరెంటు డబ్బులు నెలనెలా కట్టాం గానీ బిల్లు కాగితం ఒక్కసారీ మా కంటబడలేదు. అడిగితే "మీ ఆరుగురి వాడకం అంత ఉంది మరి" అనేవారు. ఎంత ఉందో మాత్రం చెప్పేవారు కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. 2022-23 గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. నెలకు 30 యూనిట్లే వాడే స్త్రీకి విడి మీటరు ఉంటే వాడకం ఛార్జీ 57 రూపాయలు. అలాంటివాళ్లు ఆరుగురికి 342. ఆ ఆరుగురూ ఒకే మీటరు కింద ఉంటే 180 యూనిట్లకు 747 రూపాయలు అవుతుంది. ఒక్క యూనిట్ కూడా దుబారా చెయ్యకుండానే 405 రూపాయలు ఎక్కువ. కలిసి బతికే పేద ఆడవాళ్ల మీద ఇది కంటికి కనబడని పన్ను. ఎవరు ఎక్కువ వాడారని వాళ్లలో వాళ్లు పోట్లాడుకునేలోగా ఈ లెక్క వాళ్లకు తెలియాలి.

ఇక ఆట సంగతికి వస్తాను. 2005లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓబర్లిన్ కాలేజీ తన 22 హాస్టళ్ల మధ్య రెండు వారాలు కరెంటు పొదుపు పోటీ పెట్టింది. మొత్తం మీద వాడకం 32 శాతం తగ్గింది. అందులో రెండు హాస్టళ్లలో మాత్రం వాడకం ఎప్పటికప్పుడు తెరమీద కనబడే ఏర్పాటు చేశారు. అక్కడ 55 శాతం తగ్గింది. వారానికోసారి మీటరు అంకె తెలుసుకున్న మిగతా హాస్టళ్లలో 31 శాతం. కరెంటును కంటికి కనబడేలా చెయ్యడంలోనే ఎంత బలముందో చూడండి. 2011లో హవాయి విశ్వవిద్యాలయం కూడా మొదటి ఏడాది విద్యార్థుల హాస్టళ్లలో కుకుయి కప్ పేరుతో ఇలాంటి ఆటే నడిపింది.

2007లో కాలిఫోర్నియాలో వచ్చిన ఒక అధ్యయనంలో మరో పాఠం ఉంది. ఇళ్లవాళ్లకు చుట్టుపక్కల సగటు వాడకం ఎంతో చెప్పారు. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించుకున్నారు. తక్కువ వాడేవాళ్లు మాత్రం "మనం ఇంకా వాడొచ్చు" అనుకుని పెంచేశారు. వాళ్ల కాగితం మీద నవ్వుతున్న ముఖం బొమ్మ ఒకటి వేసి మెచ్చుకుంటే ఆ పెరుగుదల ఆగింది. తక్కువ వాడేవాళ్ల పొదుపును కూడా ఎవరో ఒకరు గుర్తించాలన్నమాట.

ఇవి మనకు కొత్త కాదు. 1990లో ఇక్కడే మొదలైన టింబక్టు కలెక్టివ్‌తో కలిసి నడిచిన ఆడవాళ్ల పొదుపు సంఘాలను చూడండి. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరులో రోజుకు రూపాయి చొప్పున సాగిన పొదుపును గుర్తుచేసుకోండి. ఆ పొదుపులు నిలబడింది ఎవరో బెదిరించినందుకు కాదు. పాసుపుస్తకం మన చేతిలో ఉంది. లెక్క అందరి ముందూ చదివాం. డబ్బు దేనికి వాడాలో మనమే తీర్మానించుకున్నాం. కరెంటు విషయంలో మీటరే పాసుపుస్తకం.

అందుకని నేను ప్రతిపాదించే ఆటకు యంత్రాలేవీ అక్కర్లేదు. చింతగింజలు, ఒక కుండ, ఒక గిన్నె, గోడమీద ఒక కాగితం చాలు. వామనగుంటలు ఆడినవాళ్లకు గింజలు లెక్కపెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదటి రెండు వారాలు ఆట లేదు. రోజూ ఒకే వేళకు మీటరు అంకె రాయడమే. వంతులవారీగా ఒక్కొక్కరూ చదవాలి. చదవడం రానివాళ్లకు పక్కనవాళ్లు నేర్పాలి. వారానికి 45 యూనిట్లు అవుతున్నాయనుకుందాం. మూడోవారం మొదట కుండలో 45 గింజలు వేస్తాం. రోజూ ఎన్ని యూనిట్లు తిరిగితే అన్ని గింజలు గిన్నెలోకి మారతాయి. వారాంతానికి కుండలో మిగిలినవే మన పొదుపు. ఎండాకాలానికి లెక్క మళ్లీ కట్టుకోవాలి. ఏప్రిల్‌లో ఈ ప్రాంతపు వేడిని జనవరితో పోల్చి మనల్ని మనం ఓడించుకోకూడదు.

గింజ విలువ అందరికీ తెలియాలి. 1500 వాట్ల నీళ్ల రాడ్డు 40 నిమిషాలు పెడితే ఒక గింజ. పాత 75 వాట్ల ఫ్యాను 13 గంటలు తిరిగితే ఒకటి. 60 వాట్ల బల్బు దాదాపు 17 గంటలకు ఒక గింజ తింటుంది, 9 వాట్ల ఎల్‌ఇడి 111 గంటలకు. ఈ నాలుగు అంకెలు గోడమీద ఉంటే, ఫోను ఛార్జర్ గురించి ఎవరినీ మందలించక్కర్లేదని తెలిసిపోతుంది. అసలు ఖర్చు రాడ్డుదీ, నిండి పొర్లిపోతున్న ట్యాంకు కింద ఆగకుండా నడిచే మోటారుదీ. వైకుంఠపాళిలో పాము నోరు ఎక్కడుందో ముందే కనబడుతుంది కదా, ఇదీ అంతే.

కొన్ని నియమాలు మాత్రం రాజీ లేకుండా పెట్టుకోవాలి.

ఒకటి, గదికీ గదికీ పోటీ వద్దు. ఇంటికి దాని నిన్నటి వాడకంతోనే పోటీ. మనుషుల పేర్లు గోడమీదకి ఎక్కకూడదు. ఎవరు ఎంతసేపు స్నానం చేశారో లెక్కపెట్టే ఆట నిఘా అవుతుంది. ఆడపిల్లల మీద ఉన్న నిఘా చాలు.

రెండు, కొన్ని దీపాలు ఆటలోకి రావు. గేటు, మెట్లు, బాత్రూముల దారి, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పగలు పడుకునే అమ్మాయి ఫ్యాను, పరీక్షలున్నవాళ్ల దీపం, జ్వరంతోనో నెలసరి నొప్పితోనో ఉన్నవాళ్ల వేణ్ణీళ్లు. చీకట్లో భయపడుతూ మిగిల్చిన గింజను లెక్కలో వెయ్యకూడదు.

మూడు, ఇంటి యజమాని, హాస్టల్ యాజమాన్యం కూడా ఆటగాళ్లే. మొదటి ఎత్తు వాళ్లదే. 2014లో అనంతపురం జిల్లాలో పాత బల్బులు తీసుకుని ఎల్‌ఇడిలు ఇచ్చారు. ఆడవాళ్లకు ఉపదేశాలివ్వడం కంటే బల్బు మార్చడం తేలిక. ఫ్యాన్లూ అంతే. ఇప్పుడు 30 వాట్లలో తిరిగే ఫ్యాన్లు వస్తున్నాయి. కానీ అద్దెకున్నవాళ్లు ఫ్యాను మార్చలేరు, మార్చగలిగిన యజమాని బిల్లు కట్టడు. అందుకని నెలనెలా బిల్లు నకలు చూపించాలి, చెడిపోయినవి బాగుచేయించాలి. ఇవి ఒప్పుకోని చోట ఆట మొదలుపెట్టకండి. ముందు బిల్లు అడగండి.

నాలుగు, మిగిలిన డబ్బు ఆడినవాళ్లదే. ప్రభుత్వ హాస్టల్లో పిల్లలు బిల్లు కట్టరు కాబట్టి అక్కడ డబ్బు బదులు ఒక తీర్మానం ఉండాలి. మిగిల్చినదానికి సమానంగా బాత్రూము తలుపులకు గడియలో, చదువుకునే గదికి దీపాలో, పిల్లలు కోరినది రావాలి.

ఇష్టం లేనివాళ్లు ఆడకుండా ఉండే వీలూ ఉండాలి. తప్పించుకునే వీలు లేనిదాన్ని ఆట అనలేం.

రెండు వారాల ఉత్సాహం ఏడాదంతా ఉండదన్న విమర్శ వింటాను, న్యాయమైనదే. గింజలు మూలన పడే రోజు వస్తుంది. అప్పటికి ఇద్దరు ముగ్గురికైనా మీటరు చదవడం, శ్లాబు లెక్క కట్టడం వచ్చి ఉంటుంది. తర్వాత ఏ ఇంట్లో అద్దెకున్నా వాళ్లు బిల్లు చూడకుండా డబ్బు ఇవ్వరు.

ఇక్కడికి దగ్గర్లోనే రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు వచ్చాయి. 2016 నుంచి నంబులపూలకుంటలో సోలార్ పార్కు కరెంటు తయారుచేస్తోంది. మన గాలి, మన ఎండ, మన భూముల నుంచి కరెంటు పోతోంది. ఆ కరెంటు తిరిగి ఒక హాస్టల్ గదిలోకి వచ్చేటప్పటికి, అక్కడున్న అమ్మాయికి దాని లెక్క అడిగే హక్కు లేదంటే ఎలా ఒప్పుకుంటాం?

మీరు వెళ్లే హాస్టళ్లలో, అద్దె ఇళ్లలో వచ్చే నెల ఒక పని చెయ్యండి. మీటరు ఎక్కడుందో అక్కడివాళ్లను అడగండి. చాలామంది చూసి ఉండరు. తాళం వేసిన గదిలో ఉందంటే ఆ తాళం తీయించడంతోనే మొదలుపెట్టండి. అక్కడ ఏం జరిగిందో ఈ పత్రికకు రాయండి. ఆటలో ఏ నియమం పనికొచ్చింది, ఏది రాలేదు అన్నది ఆడినవాళ్లే చెప్పాలి.