ఎర్తు చూశావా, అబ్బాయ్?

(మచిలీపట్నంలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్య సూత్రాల మీద మాట్లాడమన్నారు. ఆ విషయంలో నాకు అర్హత లేదని మా ఇంటావిడ ముందు వరుసలో కూర్చుని తల ఊపుతోంది. అందుచేత నాకు బాగా తెలిసీ, అవసరానికి గుర్తురాక అవస్థపడిన సంగతి ఒకటి చెబుతాను. నా బుల్లెట్ బండి స్టార్టు కాకపోయిన కథ.

ఈ బండి మీలో చాలామందికి తెలుసు. 1984లో కొన్నాను. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన 350 సి.సి. బండి. 6 వోల్టుల బ్యాటరీ, కుడికాలికి గేరు. 1990 మే 9 తుఫాను తరవాత అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు లైన్లు తిరిగి నిలబెట్టిన రోజుల్లో దీని వెనక సీటు మీద మనుషులకంటే తీగచుట్టలే ఎక్కువ ప్రయాణం చేశాయి. ఆ రోజుల్లో దీనికి జబ్బు చేస్తే హెడ్‌లైటు పైనున్న ఆంపియర్ మీటరే నాకు డాక్టరు. తాళం తిప్పి, కిక్కు రాడ్డు నెమ్మదిగా నొక్కితే, పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకోగానే సున్నాకి వస్తుంది. అలా ఊగుతోందంటే బ్యాటరీ నుంచి కాయిలుకి, కాయిలు నుంచి పాయింట్లకి కరెంటు నడుస్తున్నట్టు. కదలకపోతే ఎక్కడో తెగినట్టు, లేదా పాయింట్లకి మురికి పట్టినట్టు. వాలిన ముల్లు వాలినట్టే ఉండిపోతే పాయింట్లు విడవడం లేదని అర్థం. పాయింట్లు తుడిచి, పదిహేను థౌ సందు పెట్టుకుంటే సగం రోగాలు అక్కడే కుదిరేవి.

2013లో రిటైరయ్యాను. 2022లో గుడివాడలో ఉండే మా మేనల్లుడు, "మామయ్యా, దీన్ని మళ్ళీ పెళ్ళికొడుకుని చేద్దాం" అన్నాడు. నాకూ సరదా పుట్టింది. అక్కడి ఒక షెడ్డులో నలభై రోజులు ఉంచారు. బండి విప్పేసి చాసిస్‌కి పౌడర్ కోటింగ్ చేయించారు. 6 వోల్టుల సామానంతా తీసి 12 వోల్టులది వేశారు. స్టేటర్, రెగ్యులేటర్, కాయిలు, బ్యాటరీ అన్నీ కొత్తవే. వైరింగు కొత్తది. 60 వాట్ల హాలోజన్ బల్బు, జంట హారన్లు. ఆంపియర్ మీటరు పాతబడిపోయిందని పీకేసి, ఆ కంతకి నా పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ బిగించారు. అప్పుడు మురిసిపోయాను గానీ, అది డాక్టర్ని పంపేసి ఆయన బోర్డు మాత్రం ఉంచుకున్నట్టయింది.

గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు వచ్చాను. దారిలో ఎక్కడ ఆపినా ఒక్క కిక్కే. నెల తిరిగింది. పొద్దుట నాలుగు కిక్కులు, తరవాత ఎనిమిది. సాయంత్రం లైటు వేస్తే ఎన్ని తన్నినా లేదు. ప్లగ్గు మార్చాం. కండెన్సర్ మార్చాం. కాయిలు అనుమానించి అదీ మార్చాం. రెండు నెలలైనా కాని బ్యాటరీని తీసి ఇంకొకటి వేశాం. ఏడువేలు వదిలాయి. కొత్త సామాను వేసినప్పుడల్లా రెండురోజులు బాగుండేది. బ్యాటరీ ఫుల్ చార్జింగుతో వచ్చేది కనక అలా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం "హమ్మయ్య, ఇదే జబ్బు" అనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా డిసెంబరులో నాగాయలంక నుంచి కబురొచ్చింది. 1976లో నేను హెల్పరుగా చేరినప్పుడు నాకు పని నేర్పిన లైన్‌మన్, మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన, ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడు. "ఆ బుల్లెట్ అబ్బాయిని చూడాలనుంది" అన్నాడట. బస్సులో వెళ్ళమని ఇంటావిడ చెప్పింది. బుల్లెట్ అబ్బాయి బస్సులో దిగితే ఏం బావుంటుంది? బండి మీదే సాయంత్రం అయిదింటికి బయలుదేరాను.

చల్లపల్లిలో టీకి ఆపితే మళ్ళీ స్టార్టు కాలేదు. ఇద్దరు కుర్రాళ్ళు తోసిపెట్టారు. మోపిదేవి దాటాక, పులిగడ్డ అక్విడక్టు ఇంకా రాకముందే, గేదెలు అడ్డంవచ్చి స్లో చేశాను. ఇంజను ఆగిపోయింది. చీకటి. లారీలు వస్తున్నాయి కనక లైటు ఆర్పడానికి భయం. లైటు ఉంటే ప్లగ్గులో నిప్పు లేదు. అరగంట తన్నాను. అరవయ్యేడేళ్ళ మోకాలు ఇక నావల్ల కాదంది. చివరికి రొయ్యల ఖాళీ ట్రేలతో వెడుతున్న ట్రాలీ ఆటోవాడు దయతలచి బండినీ నన్నూ ఎక్కించుకున్నాడు. నాగాయలంక చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. బాబాయ్ నిద్రపోయాడు.

పొద్దున్నే ఆయన మొదట అడిగింది నా క్షేమం కాదు. "నీ బండి చప్పుడు వినపళ్ళేదేం?" అన్నాడు. జరిగినదంతా చెప్పాను. ఆయాసపడుతూనే విన్నాడు. "చాసిస్‌కి రంగేయించావా?" అన్నాడు. వేయించానన్నాను. "మరి ఎర్తు చూశావా, అబ్బాయ్?"

నా తల నేలలోకి వెళ్ళిపోయింది. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమలో పనిచేసినప్పుడు నాకు ఆ పాఠం నేర్పింది ఈయనే. ఉప్పునీళ్ళు తిన్న జాయింటు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, విప్పి గీరితే గానీ దాని బుద్ధి తెలియదని. ఆ తరవాత ముప్ఫై అయిదేళ్ళపాటు ఊరూరా పంపుసెట్ల రైతులకు ఎర్తు గురించి గొంతు చించుకున్నది నేను. ఇంట్లో బండికి మాత్రం ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆయన మనవడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. అతని మల్టీమీటరు తీసుకున్నాం. ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. తాళం ఆపేసి బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజను రెక్కకీ మధ్య చూస్తే మీటరు శుభ్రంగా కూతపెట్టింది. అంటే కలిసే ఉంది. గుడివాడలోనూ ఇలాగే చూసి బాగుందన్నారు, వాళ్ళని తప్పు పట్టలేను. ఆ కూతకి మీటరు పంపే కరెంటు బహు స్వల్పం. సన్నటి దారిలో ఒక మనిషి నడిచిపోగలడు, ఎడ్లబండి పోవద్దూ? అందుకని మీటరుని వోల్టుల మీదికి తిప్పి, అదే రెండుచోట్లా పెట్టి, పాయింట్లు మూసుకుని ఉండగా తాళం వేసి, హెడ్‌లైటు వెలిగించాం. సున్నాకి దగ్గర్లో ఉండాల్సింది మూడు వోల్టులు దాటింది!

లెక్క చూడండి. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. కాయిలుకి మరో రెండు మూడు. ఇవన్నీ తిరిగి బ్యాటరీకి చేరే దారి చాసిస్‌కి బిగించిన ఒక్క లగ్గు. అక్కడ అర ఓము నిరోధం ఉన్నా మూడు, నాలుగు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. సరిగ్గా చార్జింగు ఎక్కని బ్యాటరీలో మిగిలింది పదకొండున్నర. కాయిలుకి దక్కేది ఎనిమిది. లైటు ఆర్పితే కాస్త నయం, వేస్తే సున్నా. జబ్బు అంతా అదే.

సర్వీసు వైరు ముక్క ఒకటి తెచ్చి బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజను బోల్టుకి చుట్టాం. లైటు వెలిగించే ఉంచి తన్నాను. ఒక్క కిక్కు! లోపల మంచం మీంచి, "ఆఁ, అదీ!" అన్నాడు బాబాయ్. ఆ చప్పుడు కోసం ఇంకో అయిదు నిమిషాలు ఇంజను ఆపనివ్వలేదు.

తరవాత సీటు తీసి లగ్గు విప్పితే, కింద పౌడర్ కోటింగ్ గాజుపెంకులా ఉంది. లగ్గు ఇనుముని తాకనే లేదు. కరెంటంతా బోల్టు మరల గుండా పోతోంది. కొత్తలో అవి సరిపోయాయి. మన సముద్రపు గాలి తగిలి మరలకి తుప్పు పట్టేసరికి దారి మూసుకుపోయింది. లోహం మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ రాశాను. ఇంజనుకి విడిగా ఇంకో ఎర్తు వైరు లాగాను. ఖర్చు నలభై రూపాయలు. బందరు వచ్చి ఇత్తడి బిళ్ళ పీకేసి ఆంపియర్ మీటరు మళ్ళీ పెట్టించాను.

మీ పిల్లలు పాత బండికి 12 వోల్టులు పెట్టిస్తుంటే ఇంకొక్కటి చూడమనండి. కొందరు ఖర్చుకి వెనకాడి 6 వోల్టుల కాయిలే ఉంచేస్తారు. అది కాలిపోతుంది. తాళం వేసి మరిచిపోతే మరీ త్వరగా.

బాబాయ్ ఆ సంక్రాంతి చూడలేదు. దినానికి బండి మీదే వెళ్ళాను. రానూ పోనూ ఎక్కడా ఆగలేదు.

బండి బయట వేపచెట్టు కింద ఉంది. సీటు విప్పే ఉంచాను, మీటరు కూడా తెచ్చాను. చూడదలచినవారు భోజనాలయ్యాక రావచ్చు. సెలవు.