బైబిలునందలి మహాశ్రమ



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పల్లెలలో రచ్చకట్టపై తరచుగా వినబడు మాట యొకటి కలదు. వాన మితిమీరినను, అసలే కురియకపోయినను, దూరదేశమున యుద్ధము రేగినదని వార్త వచ్చినను, "కాలము దగ్గరపడినది" అని పెద్దలు తల యూపుదురు. హిందువులకు అప్పుడు కలియుగాంతమును, వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమును జ్ఞప్తికి వచ్చును. ముస్లిములు కియామత్ దినమందురు. క్రైస్తవులు మహాశ్రమ యందురు. ఒకే చెట్టునీడను కూర్చుండి ముగ్గురును మూడు పేర్లతో ఒకే భయమును చెప్పుకొనుట నేను పలుమారులు విన్నాను. ఈ పూట ఆ మూడింటిలో కడపటి దానిని గూర్చి మనవి చేసెదను.

నేను బోధకుడను గాను. సంస్కృతాంధ్రములను పాతపద్ధతిని చదువుకొని, బడిలో తెలుగు చెప్పి, విశ్రాంతి గొన్నవాడను. అయినను మా వైపు క్రైస్తవ పెద్దలు అప్పుడప్పుడు తెలుగు బైబిలును చేతబట్టుకొని నాయొద్దకు వత్తురు. అందలి భాష గ్రాంథికము, వాక్యములు పొడవు, సంస్కృత పదములు మెండు. పదమునకు అర్థము చెప్పుట నా వృత్తి గనుక పదముతోనే ప్రారంభించెదను.

శ్రమ యనగా మన వాడుకలో పాటుపడుట, అలయుట. మత్తయి సువార్త యిరువదినాలుగవ అధ్యాయమున తెలుగువారు శ్రమ యని పెట్టినచోట మూలమైన గ్రీకు భాషలో థ్లిప్సిస్ అను పదమున్నది. దాని ధాతువునకు ఒత్తుట, నొక్కుట యని యర్థము. ద్రాక్షపండ్లను రసము కొరకు నొక్కుటకు ఆ మాటను వాడుదురు. మనకైతే గానుగ జ్ఞప్తికి రావలెను. లాటిను భాషవారు దానికి పెట్టిన మాట త్రిబులుమ్ అను పనిముట్టు నుండి పుట్టినది. అది అడుగున రాళ్లో యినుపపండ్లో బిగించిన బల్ల. కళ్లములో పరచిన పంటమీద దానిని పశువులచేత లాగించి గింజ రాల్తురు. మనము బంతి కట్టి యెద్దులచేత తొక్కించెడివారము. వారు బల్ల లాగించెడివారు. ఈ రెండు పదములలోను నలుగుట యున్నది గాని, నశించుట లేదు. కళ్లములో గింజ పోదు, పొట్టు పోవును. మన పెద్దలు మహాశ్రమ యనగానే మహాప్రళయమని యర్థము చేసికొనుచున్నారు. పదము ఆ మాట చెప్పుటలేదు.

ఇక సందర్భము. యెరూషలేము దేవాలయపు పెద్ద రాళ్లను శిష్యులు వింతగా చూపగా, ఆ రాళ్లు ఒకదానిపై నొకటి నిలువకుండ పడునని యేసు చెప్పినాడు. అది యెప్పుడని వారు ఒలీవకొండపై నడిగిరి. యుద్ధములు, కరవులు, భూకంపములు వచ్చునని చెప్పుచు, వానిని జూచి కంగారుపడవద్దనియు, అవి మొదలే గాని తుద గావనియు ఆయన ముందుగానే కట్టుదిట్టము చేసినాడు. తరువాత చెప్పిన మాటలు చూడుడు: కొండలకు పారిపొండు, మిద్దెమీద నున్నవాడు సామానుకై లోపలికి దిగరాదు, పొలములో నున్నవాడు పైబట్టకై మరలరాదు, ఆ పరుగు చలికాలమున రాకుండ ప్రార్థించుకొనుడు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు అది మిక్కిలి కష్టము. ఇవి లోకాంతమును వర్ణించు మాటలా? లోకమే అంతమగుచో చలికాలమైన నేమి, ఎండకాలమైన నేమి? ఏ కొండ యెక్కిన నేమి లాభము? ఇవి వరద వచ్చునప్పుడు ఊరి పెద్ద చెప్పవలసిన మాటలు.

ఆ విపత్తు క్రీ.శ. 70లో వచ్చినది. రోమా సేనాని తీతు యెరూషలేమును ముట్టడించి, దేవాలయమును కాల్చి, పడగొట్టించెను. ముట్టడిలో ఆకలికి మడిసినవారు లెక్కకు మించిరి. అక్కడి క్రైస్తవులు ముందే నగరము విడిచి యొర్దాను నది కావలనున్న పెల్లా యను పట్టణమునకు వెడలిరని పూర్వచరిత్రకారుడైన యూసేబియసు వ్రాసినాడు. భవిష్యవాణి వారికి కాళ్లకు బుద్ధి చెప్పినది.

దీనితో ఆ ప్రవచనము తీరిపోయినదా యని యడుగుదురు. క్రైస్తవ విద్వాంసులే యిందు ఏకాభిప్రాయము గలవారు కారు. తీరినదని కొందరు, ఇకముందు ఏడేండ్ల మహాశ్రమ రానున్నదని కొందరు, ప్రతి తరమునను అది జరుగుచునే యున్నదని మరికొందరు. ఒక సూత్రమునకు మూడు భాష్యములుండుట మనకు క్రొత్త కాదు. వారిలో ఎవరిది సరి యని తీర్పు చెప్పుట నా పని గాదు. కాని ఆ యధ్యాయముననే, ఆ దినమును ఆ గడియయు దేవదూతలకును, కుమారునికి సైతము తెలియవనియు, తండ్రికి మాత్రమే యెరుక యనియు స్పష్టముగా నున్నది. అది చదివిన పిమ్మట కూడ తేదీ చెప్పువాడు తనకు కుమారునికంటె నెక్కువ తెలియునని చెప్పుకొనుచున్నట్లే గదా!

లెక్కల సంగతి వచ్చినది గనుక రెండు మాటలు. ప్రకటన గ్రంథమున 42 నెలలనియు, 1260 దినములనియు వచ్చును. పంచాంగము తెలిసినవారికి ఇది సులభము. 30 దినముల సావనమాసము పట్టినచో 42 నెలలకు సరిగా 1260 దినములు. అనగా మూడున్నర యేండ్లు. ఈ మూడున్నర యను లెక్క దానియేలు గ్రంథమునుండి వచ్చినది. క్రీ.పూ. 167లో సిరియా రాజైన అంతియొకసు యెరూషలేము దేవాలయమున అన్యబలిపీఠము నిలిపి, యూదుల ధర్మమును నిషేధించెను, క్రీ.పూ. 164లో వారు దానిని మరల శుద్ధి చేసికొనిరి. నాటినుండి మూడున్నర యనునది కష్టకాలమునకు ఒక కొలత యైనది. ఏడులో సగము, అనగా కష్టమునకు పూర్ణాయువు లేదని సూచన. దానిని గోడమీది క్యాలెండరుపై గీతలు గీయుటకు వాడుట నాకు సమ్మతము గాదు.

రెండవది 666. మనకు కటపయాది సంఖ్య కలదు. అక్షరములకు అంకెలు కట్టి శ్లోకములో సంవత్సరమును దాచుట పండితులకు పరిపాటి. హెబ్రీయులకును అట్టి పద్ధతి కలదు. నీరో కైసరు అను పేరును వారి లిపిలో వ్రాసి, నకారమునకు 50, రేఫమునకు 200, వకారమునకు 6, మరల నకారమునకు 50, కకారమునకు 100, సకారమునకు 60, తుద రేఫమునకు 200 కట్టి కూడుడు: 666 వచ్చును. నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో రోమునగరము కాలిన పిమ్మట ఆ నిందను క్రైస్తవులపై మోపి క్రూరముగా చంపించినవాడు. పేరులోని రెండవ నకారమును వదలినచో 616 అగును. ఆశ్చర్యమేమనగా కొన్ని ప్రాచీన ప్రతులలో 616 అనియే యున్నది. కావున గ్రంథకర్త తన కాలపు దొరను బహిరంగముగా నిందింప వీలులేక అంకెలలో దాచెనని చాలమంది పండితుల మతము. నేడు ప్రపంచమున పలుచోట్ల ఈ సంఖ్యను గుర్తింపుకార్డులకును, 2020 తరువాత వచ్చిన టీకాలకును అంటగట్టి ప్రచారము చేసిరి. ఆ మాట నమ్మి టీకా మానినవాని యింట నష్టము జరిగినచో ఆ ప్రచారకుడు వచ్చి ఆదుకొనడు.

తేదీలు చెప్పి తప్పినవారి చరిత్ర పెద్దది. అమెరికాలో విలియమ్ మిల్లరు అను రైతు బైబిలు లెక్కలు కట్టి క్రీస్తు రాకడ సమీపించినదని బోధించెను. అతని అనుచరులు తుదకు 22 అక్టోబరు 1844వ తేదీని నిశ్చయించిరి. కొందరు పొలములలో పంట కోయక వదలిరి. ఆ దినము గడచినది. మరునాడు సూర్యుడు యథావిధిగా ఉదయించెను. నవ్వవలదు. 1962 ఫిబ్రవరిలో మకరరాశియందు అష్టగ్రహకూటమి యనగానే మన దేశమంతట హోమములు, శాంతులు జరిగినవి. మన పురాణముల లెక్కన కలియుగము 4,32,000 ఏండ్లు. గడిచినవి 5,100 పై చిల్లర మాత్రమే. అంత గడువున్న మనమే అంత హడలిపోతిమి!

ఇక స్కైలాబు. అమెరికావారి ఆ ఆకాశనౌక 1979 జూలైలో భూమిపై పడునని తెలియగానే తెలంగాణ పల్లెలలో కలిగిన గగ్గోలు నాటి పెద్దలకు జ్ఞాపకముండును. నేనప్పుడు విద్యార్థిని. చచ్చినాక తినునదేమున్నదని మేకలను, కోళ్లను కోసికొని తినినవారు మా యూరనే యుండిరి. అగ్గువకు అమ్ముకొన్నవారును ఉండిరి. జూలై 11న అది హిందూమహాసముద్రముననూ, ఆస్ట్రేలియా పడమటి ప్రాంతముననూ ముక్కలై పడినది. మా యూర 12వ తేదీ ఉదయమునకు కొట్టములో మేకలు లేవు. షావుకారు పద్దు మాత్రము చెక్కుచెదరలేదు.

అట్లని కష్టకాలమే రాదని నే నననా? రాకేమి! మన ప్రాంతమునకు వచ్చిన మహాశ్రమను గూర్చి చెప్పెదను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము మొదలైనది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వచ్చినది. వెంటనే కరవు. హైదరాబాదు సంస్థాన జనసంఖ్య 1911లో 1 కోటి 33 లక్షలకు మించి యుండగా, 1921 నాటికి 1 కోటి 25 లక్షల లోపునకు దిగినది. పెరుగవలసిన జనము పదేండ్లలో తొమ్మిది లక్షలదాక తరిగిపోయినదన్నమాట. యుద్ధము, తెగులు, కరవు: మత్తయి సువార్తలోని గురుతులన్నియు ఒక్కమారే కనబడినవి. అంత్యకాలమని నాడు అనుకొనియున్నచో వారిని తప్పుపట్టలేము.

ఆ సంవత్సరములలోనే ఏమి జరిగినదో చూడుడు. ఎల్లారెడ్డికి, మెదకునకు నడుమ పోచారమువద్ద, మంజీరలో కలియు వాగునకు అడ్డముగా 1916లో రాతికట్ట మొదలుపెట్టి 1922లో ముగించిరి. మెదకున వెస్లియన్ మిషనుకు చెందిన చార్లెసు వాకరు పాస్నెట్టుగారు పెద్ద చర్చి కట్టించుచుండిరి. కరవులో కూలి దొరకని బీదలకు ఆ కట్టడము పనియు, తిండియు కల్పించినదని ఆ వైపువారు నేటికిని చెప్పుకొందురు. 170 అడుగులకు మించిన గోపురముతో అది 25 డిసెంబరు 1924న ప్రతిష్ఠింపబడినది. 1923లో నిజాంసాగరు పని మొదలై 1931లో పూర్తియైనది. పాస్నెట్టుగారు ప్రకటన గ్రంథము చదువనివారు కారు. క్రీస్తు మరల వచ్చునని వారికి పూర్ణవిశ్వాసము. అయినను పునాది లోతుగా తవ్వించిరి, రాయి గట్టిది తెప్పించిరి. రేపు అంతమని నమ్మినవాడు అంత లోతు తవ్వింపడు. ఎప్పటికిని అంతము లేదని నమ్మినవాడు అది గుడిగా కట్టింపడు.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి ప్రాంతమున కురిసిన వాన సంగతి మీరెరుగుదురు. ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించి కురిసిన చోటు గలదు. రైలుకట్ట కోసికొనిపోయినది. హైదరాబాదునుండి నాగపురము పోవు పెద్ద రోడ్డు తెగినది. జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. పోచారము కట్టమీదుగా, దానిని కట్టినవారి లెక్కకు మించిన నీరు పొర్లినది. ఒక ప్రక్క మట్టి కోసికొనిపోగా దిగువ పల్లెలను ఖాళీ చేయించిరి. తెల్లవారినది. నూరేండ్లు దాటిన ఆ కట్ట నిలిచినది. అంత్యకాలమనదగిన దినములలో, పస్తులున్న కూలీలు పేర్చిన రాళ్లవి.

ఆ వరద తరువాత కొన్నాళ్లకు ఒక రైతు నాయొద్దకు వచ్చెను. క్రైస్తవుడు, నెమ్మది గలవాడు. వాగు ప్రక్కన అతనికి నాలుగెకరములు. పొట్టకు వచ్చిన వరి కొట్టుకొనిపోయి, పొలమంతయు మోకాలిలోతున ఇసుకమేట వేసినది. ఇసుక యెత్తించుటకు అప్పు చేయవలెను. ఇంటికి వచ్చిన యొక బోధకుడు ఇవన్నియు మహాశ్రమ గురుతులనియు, ఇక లౌకికము మానుమనియు చెప్పినాడట. "పంతులూ, రాకడ దగ్గరనే ఉన్నదంటే ఇంక ఇసుక తీసి ఏం జెయ్యాలె? గ్రంథం ఏమంటున్నదో సూసి చెప్పు" అని అడిగెను. అతని కొడుకు అప్పటికే నగరమున కూలికి పోవ మూటగట్టుకొన్నాడు.

నేను అతనిచేతనే పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికను తెరిపించితిని. అది సరిగా అతని ప్రశ్నకే వ్రాసినట్లుండును. ప్రభువు దినము వచ్చియే యున్నదని యెవరో చెప్పగా, ఆ సంఘములో కొందరు కలతపడిరి. కొందరైతే పని మాని, ఊరివారి సంగతులలో తల దూర్చుచు, ఇతరుల యన్నము తినుచుండిరి. పౌలు రాకడను కాదనలేదు; దానిని గూర్చి ఆ పత్రికలోనే విస్తారముగా వ్రాసినాడు. అయినను తాను వారిమధ్య నున్నప్పుడు రాత్రింబగళ్లు చేతిపని చేసియే తింటినని గుర్తుచేసి, నెమ్మదిగా ఎవరి పని వారు చేసికొని ఎవరి కూడు వారు తినవలెనని ఆజ్ఞాపించినాడు. రైతు వ్రేలు పెట్టి ఆ భాగమును రెండుమార్లు చదివెను. "ఇది మాకు ఆదివారం సదవరు" అనెను.

అప్పు సంగతి నేనేమియు చెప్పలేదు. దానికి గ్రంథములో ప్రమాణము వెదకుట తగదు. పరిహారమునకు దరఖాస్తు వ్రాసి యిచ్చితిని. అతడు నాలుగెకరములును ఒక్కమారే పెట్టుకొనక, ముందుగా గట్టునానుకొనిన యెకరము నెత్తించెను. కొడుకు మూట విప్పలేదు గాని, ట్రాక్టరు పని ముగియువరకు ఊరు విడువలేదు. యాసంగికి ఆ యెకరములో నాటు పడినది. తక్కిన మూడెకరములలో ఇసుక అట్లే యున్నది.