రక్తం పలచబరిచే మాత్రలు (గేటు మీటింగు ప్రసంగ పాఠం)



గుండెలో లోహపు కవాటం వేయించుకుని మళ్లీ మగ్గం ఎక్కినవాళ్లు మనలో ఉన్నారు. వారికి వార్ఫరినో, ఎసిట్రామో రోజూ తప్పదు. మోతాదు చాలకపోతే కవాటం దగ్గర రక్తం గడ్డ కడుతుంది, ఎక్కువైతే నెత్తురు కారుతుంది. ఎటు మొగ్గుతున్నదీ ఐ.ఎన్.ఆర్. పరీక్షే చెప్పాలి. చాలామందికి ఆ అంకె 2, 3 మధ్య ఉండాలి. కవాటాన్నిబట్టి కొందరికి ఇంకాస్త ఎక్కువ. కూలి పోతుందని ఆ పరీక్షే ఎగ్గొడుతున్నారు!

నడుంనొప్పికి కొట్లో డైక్లోఫెనాక్ కొని మింగకండి. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. విరేచనం తారులా నల్లగా అయినా, మూత్రం ఎర్రబడినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం కనబడకున్నా, షిఫ్టు అయ్యేదాకా ఆగొద్దు. అలాగని భయపడి మాత్ర సొంతంగా మానెయ్యకూడదు.

పరీక్ష రోజున జీతంతో పూట సెలవు కోరుతూ అర్జీ రాశాం. సంతకం పెట్టి వెళ్లండి.