హెపటైటిస్-బి టీకా ఎవరికి వలయును?



కామెర్లనగానే మనవారికి జ్ఞప్తికి వచ్చునది పసరుమందు, పథ్యము. కామెర్లలో పెక్కు తమంత తామే తగ్గును గనుక ఆ కీర్తి పసరునకు దక్కుచున్నది. హెపటైటిస్-బి అట్లు తేలికగా ఎంచదగినది కాదు. కొందరిలో అది ఏ లక్షణమును చూపక ఏండ్ల తరబడి కాలేయమున దాగియుండి, తుదకు క్యాన్సరునకు దారితీయవచ్చును.

నా మిత్రుడొకడు రక్తదానము చేసినపుడు ఈ వ్యాధి బయటపడినది. ఇంటివారు భయపడి అతని కంచము, గ్లాసు వేరు చేసిరి. కాని టీకా మాత్రము ఒక్కరును వేయించుకొనలేదు! ఈ వ్యాధి సహపంక్తి భోజనము వలన రాదు. రక్తము వలన, కలుషితమైన సూదుల వలన, దాంపత్యము వలన, ప్రసవ సమయమున తల్లి నుండి బిడ్డకును వచ్చును. వేరు చేయవలసినది క్షురకత్తి, పండ్లకుంచె, కంచము కాదు.

టీకా మొదట వలయునది నవజాత శిశువునకు. అదియును 24 గంటలలోపల. పుట్టుకలో వ్యాధి సోకిన నూరుగురు శిశువులలో దాదాపు 90 మందికి అది స్థిరపడును. పెద్దలలో ఐదుగురికైనను స్థిరపడదు. తల్లికి వ్యాధి యున్నచో బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అను మందును వెంటనే ఇప్పించవలెను. కావున ప్రతి గర్భిణియు రక్తపరీక్ష చేయించుకొనవలెను.

పెద్దలలో వ్యాధిగ్రస్తుని భార్యకు లేక భర్తకు, ఇంటిలోనివారికి, ఆసుపత్రి సిబ్బందికి, డయాలసిస్ పొందువారికి, తరచుగా రక్తము ఎక్కించుకొనువారికి ఇది ముఖ్యము. ప్రభుత్వ టీకాల కార్యక్రమమున ఇది 2002లో కొన్ని తావుల మొదలై, 2011 తరువాతనే దేశమంతటికి విస్తరించెను. కనుక మనలో పలువురకు బాల్యమున ఇది పడలేదు. ఇదివరకే సోకిన వ్యాధిని టీకా మాన్పజాలదు. అందుచేత ఇంటివారు ముందుగా రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది.

పెద్దలకు మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. నడుమ బదిలీ ఉత్తరువు వచ్చి ఆలస్యమైనచో మొదటికి పోనక్కరలేదు. ఆగినచోటి నుండి కొనసాగింపవచ్చును.

స్వదేశమున ఈ టీకాను తొలుత 1997లో వెలువరించినది మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారే. మన ఊరి మందు మన ఇంటికి చేరకుండుట న్యాయమా?

నా మిత్రుని ఇంట వైద్యుని మాటపై అందరును పరీక్ష చేయించుకొని టీకాలు వేయించుకొనిరి. కంచము మరల వరుసలోనికి వచ్చినది. మన యిండ్లలోను అట్లే జరుగుగాక!