మా బ్యాండు ఎక్కడి నుంచి వచ్చింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రేపు సాయంత్రం ఇదే వేదిక మీద మేం ఐదుగురం పాడబోతున్నాం. ఆ బ్యాండు గురించి పది నిమిషాలు చెప్పమని కమిటీ వాళ్లు నన్ను నిలబెట్టారు. నేను నీటిపారుదల శాఖ ఇంజనీరును. కాలువల గురించి చెప్పమంటే గంట చెప్తాను. సంగీతం గురించి చెప్పడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి.

బ్యాండు పెట్టామని మా అమ్మకు చెప్తే, "ఈ వయసుల బ్యాండేంది? ఎవరి పెండ్లికి పోతున్నవ్ రా?" అన్నది. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లలో బ్యాండంటే పెండ్లి బ్యాండే కదా. మాది కవర్ బ్యాండు అమ్మా, వేరేవాళ్ల పాటలు వాయిస్తామని చెప్పాను. "మరి మీదేముంది అండ్ల?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పే ప్రయత్నం చేస్తాను.

మేం ఎక్కువగా వాయించేది క్వీన్ అనే ఇంగ్లండు బ్యాండు పాటలు. హైదరాబాదులో ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టల్లో ఒక పాత క్యాసెట్టులో మొదటిసారి విన్నాను. ఆ నలుగురు ఎక్కడి నుంచి వచ్చారో తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ. మహారాష్ట్రలోని పంచగని హాస్టలు బడిలో చదువుకున్నాడు. అక్కడే పియానో నేర్చుకున్నాడు, తోటి పిల్లలతో కలిసి ‘హెక్టిక్స్’ అని బడి బ్యాండు పెట్టాడు. వాళ్లు వాయించినవి కూడా వేరేవాళ్ల పాటలే. డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ చిన్నప్పుడు చర్చి బృందంలో పాడినవాడు. గిటారు వాయించే బ్రయన్ మే, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకున్నాడు. చలి కాచుకునే గూడుకు పెట్టిన పాత చెక్కను దాని మెడకు వాడారు. బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడు.

అప్పుడు మా ఐదుగురి గురించి ఆలోచించాను. మేమంతా ఈ బడి హాస్టల్లో ఒకే పెద్ద సాంబారు గంజు దగ్గర నిలబడ్డవాళ్లమే. కానీ ఒక్కొక్కరం ఒక్కో సంగీతం నుంచి వచ్చాం.

కీబోర్డు వాయించే అక్క గద్వాల పాస్టరుగారి అమ్మాయి. మన మూడు ఊళ్లలోనూ మెనోనైట్ బ్రదరెన్ చర్చీలు ఉన్నాయి కదా. నాలుగేళ్ల వయసు నుంచి ఆమె చర్చిలో హార్మోనియం పక్కన కూర్చున్నది. నాన్నగారు గాలి కొడుతుంటే మెట్లు నొక్కేదట. నలుగురు నాలుగు శ్రుతుల్లో పాడుతున్నా అందర్నీ ఒక దారికి తెచ్చే ఓపిక అక్కడ నేర్చుకున్నానంటుంది. మా రిహార్సల్సులో ఆ ఓపిక చాలా ఖర్చయింది.

మా గాయకుడిది గద్వాల మగ్గాల వీధి. నూలు చీరకు పట్టు అంచు కలిపే ఇల్లు. శనివారం రాత్రి హనుమంతుడి గుడిలో తాతతో పాటు చెక్కభజన చేసేవాడు. భజనలో ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. మైకు ముందు నిలబడి జనంతో ఎదురుపాట పాడించడం అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లీషు మాట ఒకటి మరిచిపోయినా జనం పట్టుకోలేరు.

గిటారు వాయించే తమ్ముడి తండ్రి వనపర్తిలో పెండ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. బారాత్ నడుస్తుంటే, బండ్ల మోతలో కూడా రాగం తెగకుండా ఊదేవారు. ఈ తమ్ముడు గిటారు మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు నాకు ఆ క్లారినెట్టే వినబడుతుంది. మా అమ్మ పెండ్లి బ్యాండు అనడంలో తప్పేమీ లేదు.

ఇక నేను బేస్ గిటారు. మా ఇంట్లో సంగీతమంటే రేడియో ఒక్కటే. జాన్ డీకన్‌కూ నాకూ పోలిక ఏమన్నా ఉంటే అది వైర్లు సరిచేయడం వరకే.

ఇంజనీరు బుద్ధి పోదు కాబట్టి ఒక సంగతి చెప్తాను. గిటారు మీద పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే తీగ పొడవు సగమవుతుంది, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఆ మెట్లన్నీ లెక్క ప్రకారం బిగించి ఉంటాయి. మన నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారి కిన్నెరకూ పన్నెండు మెట్లే. అయితే అది వెదురు, ఎండు సొరకాయ బుర్రలు, తేనె మైనంతో చేసిన వాయిద్యం. అక్కడ లెక్క కాగితం మీద ఉండదు, తరతరాల చెవిలో ఉంటుంది. ఆ కిన్నెర మీద ఆయన పండుగ సాయన్న కథ పాడతారు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఆయన గొంతు రాష్ట్రమంతా విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఆయన గురించి ఉంది. అదే మనిషి 2024లో కూలి పనికి వెళ్తున్నారని పత్రికల్లో చదివాం. పక్కనే నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. మన చుట్టూ ఇంత సంగీతం ఉంది. నేను మాత్రం గిటారు కోసం కోఠి దుకాణాలు తిరిగాను.

చివరికి మా డ్రమ్మరు గురించి. నేను ఈ వేదిక ఎక్కడానికి ఒప్పుకున్నదే ఇది చెప్పడానికి.

వాడిది నాగర్‌కర్నూలు పక్కన పల్లె. తండ్రి డప్పు కళాకారుడు. వేపకట్టె గుండ్రానికి మేకతోలు బిగించడం, మంట దగ్గర కాచి శ్రుతికి తేవడం, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టడం అన్నీ బడికి వచ్చేనాటికే వాడికి తెలుసు. హాస్టల్లో రాత్రి బెంచీ మీద వాడు దరువు వేస్తే మేం నిద్రపోయేవాళ్లం కాదు. తొమ్మిదో తరగతి వార్షికోత్సవానికి వాడు డప్పు వాయిస్తానని పేరిచ్చాడు. చావుకు కొట్టేది బడిలో ఎందుకని పెద్దలొకరు అన్నారు. క్లాసు లీడరుగా జాబితా రాస్తున్నది నేను. ఒక్క మాట అడగలేదు. స్కేలు పెట్టి వాడి పేరు మీద గీత గీశాను.

ముప్పై ఏళ్ల తర్వాత బదిలీ మీద ఇటు వచ్చి బ్యాండు మొదలుపెట్టినప్పుడు, డ్రమ్ములకు వాడు తప్ప ఎవరూ గుర్తు రాలేదు. అడగ్గానే వచ్చాడు. నెల రోజుల్లో డ్రమ్ సెట్టు పట్టు దొరకబుచ్చుకున్నాడు. కాలు దెబ్బ కొత్త, మిగతాదంతా ఇంటి పనే అన్నాడు. పాటలు వేరేవాళ్లవే అయినా మేం నిలబడింది వాడి దరువు మీదే.

మొన్న రిహార్సల్ అయ్యాక ఆ పాత సంగతి ఎత్తాను. ఆ రోజు వాళ్లు అట్ల అన్నారు కదా అని మొదలుపెట్టాను. వాడు మధ్యలోనే ఆపి, "వాళ్లు అన్నరు. గీత గీసింది నువ్వు. మా నాయన చూడొస్తనని పనికి పోకుండ వచ్చిండు ఆ రోజు" అన్నాడు. నా దగ్గర మాట లేదు. కొంచెంసేపు ఆగి, "సరే, నువ్వు రెండో పాటల ముందుకు ఉరుకుతున్నవ్, చూస్కో" అని బండి తీసుకొని వెళ్లిపోయాడు.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. అందుకే సభ ముందు చెప్తున్నాను: ఆ తప్పు నాది.

కమిటీకి రెండు విన్నపాలు. ఒకటి, రేపటి కార్యక్రమం మా గిటార్లతో కాకుండా వాడి డప్పుతో మొదలుకానివ్వండి. వాడిని ఒప్పించాను, జాబితాలో పేరు కూడా నేనే రాశాను. రెండు, స్వర్ణోత్సవ నిధితో కంప్యూటర్లు కొంటున్నాం, మంచిదే. దాంతో పాటు ఒక హార్మోనియం, రెండు డప్పులు, ఒక గిటారు కొని, తాళం వేయని ఒక గదిలో పెడదాం. నెలకోసారి మన పల్లెల కళాకారులను పిలిచి, శాలువాతో సరిపెట్టకుండా గౌరవంగా డబ్బులిచ్చి, పిల్లలకు నేర్పిద్దాం. ఆ వాయిద్యాల ఖర్చు నేను పెట్టుకుంటాను.

"మీదేముంది అండ్ల?" అని మా అమ్మ అడిగింది కదా. రేపు ముందు వరుసలో కూర్చొని తానే విని చెప్తుంది.