చేతి కంప్యూటరు – విమర్శకుల తగవు

1993 ఆగస్టులో అమెరికాలో ఆపిల్ సంస్థ న్యూటన్ మెసేజ్‌ప్యాడ్ అను చేతి కంప్యూటరును విడుదల చేసెను. వెల దాదాపు 700 డాలర్లు. తెరపై కలముతో వ్రాసిన దస్తూరిని చదివి అచ్చక్షరములుగా మార్చుట దాని ప్రజ్ఞ.

ఆనాటి సమీక్షలను ప్రక్కప్రక్కన ఉంచి చూడగా, ఊహను మెచ్చనివారు అరుదు. తగవంతయు ఆ చదువును గూర్చియే. మనమొకటి వ్రాయ యంత్రమొకటి చూపునని కొందరు ఎగతాళి చేసిరి. ‘డూన్స్‌బరీ’ వ్యంగ్యచిత్రములో అది నవ్వులాటయే అయ్యెను. వాడగా వాడగా మన వ్రాత దానికి అలవడునని మరికొందరు సమర్థించిరి.

శ్రోతలారా, మాకు మొదటివారి మాటయే సబబని తోచును. అంత వెల పోసి కొన్న వస్తువునకు ఓనమాలు దిద్దించు ఓపిక ఎందరికుండును? తరువాతి కూర్పులలో చదువు మెరుగుపడెను గాని, అప్పటికే పేరు చెడియుండెను. 1998లో ఆపిల్ దానిని విరమించెను. 1996లో వచ్చిన పామ్ పైలట్ మాత్రము, తన అక్షరములను మనుష్యుడే నేర్చుకొనవలెననెను. జనులు మారుపలుకక నేర్చుకొనిరి.