కంటితో చూడని సంతకం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో మరచిపోలేని సంఘటన చెప్పమన్నారు. నేను చేసిన తప్పే చెబుతాను.

2002 డిసెంబరులో హైదరాబాదులో 32వ జాతీయ క్రీడలు జరిగాయి. ఆ ఏడాదే మా జిల్లా కేంద్రంలో పాత స్టేడియం గ్యాలరీ పడగొట్టి కొత్తది కట్టిస్తున్నాం. నేను సీనియర్ అసిస్టెంటును. కొలతలు, ఎం-బుక్కు ఇంజనీర్లవి. కాంట్రాక్టరు బిల్లులు, కూలీల చెల్లింపుల తనిఖీ నావి.

పని మొదటినుంచీ నత్తనడకే. గ్యాలరీకి పోసిన కాంక్రీటు దిమ్మలు 28 రోజుల పరీక్షలో నిలబడలేదు. ఆ భాగం పగలగొట్టి మళ్ళీ పొయ్యమన్నారు ఇంజనీరుగారు. బిల్లు ఆగింది. కాంట్రాక్టరు ముఖం చాటేశాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఆఫీసు ముందు ముప్ఫైమంది పాలమూరు కూలీలు, చంటిపిల్లలతో. ఒక పెద్దావిడ, "ఆరు వారాలాయె సారూ, పైసలియ్యలే" అంది.

ధీమాగా రిజిస్టరు తీశాను. ఆరు వారాలకూ వేలిముద్రలున్నాయి. ముందే వేయించుకున్నారట! "నా సమక్షంలో చెల్లించబడినది" అన్న వాక్యం కింద నా సంతకం. ప్రతి శనివారం కాంట్రాక్టరు గుమాస్తా రిజిస్టరు తెస్తే, టీ తాగుతూ కుర్చీలోనే సంతకం పెట్టేవాడిని. లంచం తీసుకోలేదు, బద్ధకం అంతే. కానీ ఆ పిల్లల ఆకలికి ఆ తేడాతో ఏం పని?

1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షను తిరగేశాను. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే, పని చేయించే యజమానే, అంటే మా ఆఫీసే, ఇచ్చి అతని నుంచి రాబట్టుకోవాలి. ఆ మేరకు నోటు రాశాను. నా సంతకాలు చూడకుండా పెట్టినవని రెండో పేరాలో రాశాను.

"ఆ పేరా తీసెయ్యవయ్యా, పెన్షనుకు చిక్కు" అన్నారు సూపరింటెండెంటుగారు. తీస్తే మొదటి పేరా నిలవదు. రిజిస్టరు ప్రకారం కూలి ముట్టినట్టే గదా!

నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. పదకొండో రోజున కూలీలకు డబ్బు ముట్టింది. ఈసారి సైటులో నిలబడి, ఒక్కొక్కరి చేతిలో పడ్డాకే సంతకం చేశాను.

మనం బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇవ్వాలంటే విసుక్కుంటాం. మనిషిని చూసి నిర్ధారించాలన్న నిబంధన విలువ నాకు ఆనాడే తెలిసింది. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఈ ఒక్కమాట చెప్పండి: చూడనిదానికి సంతకం పెట్టవద్దని.